10 యూ ర్యాక్ ఇంట్లోనే కొట్టిస్తున్నా, కొలతలు చెప్పండన్నా

బురుజు_సౌండ్స్ (కర్నూలు): పెళ్ళిళ్ళకు తిప్పుకునే సౌండ్ సెట్టు, ఆంప్లిఫయర్లు బిగించే ర్యాక్ పెట్టె కావాల. కింద 10 యూ (యూ అంటే ర్యాక్ ఎత్తు కొలత) నిటారుగా, పైన మిక్సర్‌కు 8 యూ వాలుగా. 18 ఎంఎం ప్లైవుడ్ తెచ్చిపెట్టినా. లోపలి వెడల్పు ఎంత, లోతు ఎంత, వాలు ఎన్ని డిగ్రీలు, చక్రాలు ఏ సైజు, రంగా మైకానా?

పాతటేపు: 19 అంగుళాల ర్యాక్ కదా అని లోపల సరిగ్గా 19 పెట్టించి, రెండు వైపులా మైకా అతికించినా. ఆంప్లిఫయర్ లోపలికి పోయింది గానీ ముందు ప్యానెల్‌కు స్క్రూలు కొట్టే చెవుల దగ్గర ఆగిపోయింది. తొమ్మిదికి ముహూర్తం, ఏడున్నరకు నేను స్క్రూడ్రైవర్‌తో మైకా గీకుతున్నా. పెళ్ళికొడుకు మేనమామ నిలబడి చూస్తున్నాడు. ఒక్క నూలన్నా (అంగుళంలో ఎనిమిదో వంతు) ఎక్కువ వదులప్పా.

రాగం_డెక్: 22 ఏళ్ళుగా ఇదే పని నాది. ముందు ప్యానెల్ వెడల్పు 482.6 ఎంఎం. స్క్రూల మధ్య 465.1. పట్టీల మధ్య ఖాళీ 450. లోపల 486 పెట్టి చెరో పక్క 18 ఎంఎం పట్టీ కొడితే లెక్క సరిపోతుంది. మైకా వేస్తే ఆ మందం కూడా కలుపుకో. ఒక యూ ఎత్తు 44.45. ఆ చిల్లర ఎందుకులే అని 44 వేసుకుంటే 10 యూకి నాలుగున్నర ఎంఎం తగ్గిపోతుంది. ఇవన్నీ తెలియకుండా ప్లైవుడ్ ఎట్లా కొంటారో.

బురుజు_సౌండ్స్: వాలు సంగతి?

టవర్‌క్లాక్ (అనంతపురం): 20 డిగ్రీలు పెట్టు.

పాతటేపు: ఎక్కడి నుంచి 20? నేల నుంచా, గోడ నుంచా? మా మేస్త్రీకి 20 అని చెప్తే నిటారు నుంచి కొలిచి కోసినాడు. మిక్సర్ నా మొహంలోకి చూస్తా ఉండేది.

టవర్‌క్లాక్: నేల నుంచే అని ఎవరికైనా తెలుస్తుంది.

పాతటేపు: మేస్త్రీకి తెలియలేదు కదా సామీ!

రాగం_డెక్: వడ్రంగికి డిగ్రీలు చెప్పడమే తప్పు. 8 యూ అంటే 355.6 ఎంఎం. 20 డిగ్రీలకు వెనక పక్క ముందుకంటే 122 ఎత్తు, అడుగున 334 పొడవు. ఆ రెండూ రాసిచ్చి, అట్టముక్క కోసి చేతికివ్వు. కోసినాక రెండు కర్ణాలూ కొలువు. తేడా వస్తే పెట్టె వంకర.

దేవునికడప: ఇంట్లో రికార్డ్ ప్లేయర్ పెట్టేవాళ్ళు పై అరకు కడప బండ వేయండి. అదురు తగ్గుతుంది. మా ఇంట్లో వేసినా, పక్కన పిల్లలు ఎగిరినా సూది జారదు.

టవర్‌క్లాక్: తాడిపత్రి బండ ఇంకా నున్నగా ఉంటుంది.

దేవునికడప: నున్నగా ఉండేది నేలకు. బరువు కావాల్సింది ఇక్కడ.

కొండగట్టు (బేతంచెర్ల): మా ఊరి బండ సంగతి ఎవరూ ఎత్తరే? మీరిద్దరూ గనికి పోయి చూసినారా ఎప్పుడన్నా?

రాగం_డెక్: రెండడుగులకు అడుగున్నర, అంగుళం మందం బండ 18 కిలోల పైమాటే. దాన్ని పెళ్ళిపందిట్లోకి ఎవరు మోస్తారయ్యా?

దేవునికడప: పెళ్ళిపందిరి అన్నానా? ఇంట్లో అన్నా. చదివి మాట్లాడండి, 22 ఏళ్ళు చేసినారు కదా.

బురుజు_సౌండ్స్: అన్నా, నాది తిప్పుకునే సెట్టు…

టవర్‌క్లాక్: లోతు సంగతి వదిలేసినారు. ఆంప్లిఫయర్ లోతుకు ఇంకో నాలుగంగుళాలు కలుపు, లేకపోతే వెనక కేబుల్ పిన్నులు వంగుతాయి. వెనక మూసేయొద్దు. మే నెలలో మా ఊళ్ళో వెనక అట్ట కొట్టిన పెట్టెతో ప్రోగ్రాం చేసినా. పది నిమిషాలకొకసారి ఆంప్లిఫయర్ వేడెక్కి ఆగిపోయేది, యాంకర్ ఒట్టి గొంతుతో అరిచినాడు. రెండు ఆంప్లిఫయర్ల మధ్య ఒక యూ ఖాళీ వదులు.

పాతటేపు: ఆ ఖాళీలో మావాడు వక్కపొడి డబ్బా పెడతాడు.

బురుజు_సౌండ్స్: సరే, లోపల 486, మైకా వద్దు, రంగే. 122, 334 అట్ట మీద గీసినా. చక్రాలు ఎవరూ చెప్పలేదు.

కొండగట్టు: చక్రాలు తర్వాత. ప్లైవుడ్ ముక్కలు మిగిలితే నాకిస్తావా?