పాత పెంటియం 4: పాట పెడితే నెట్ ఆగిపోతోంది (ఐఆర్‌క్యూ గొడవ)

రవి_32: యాంటీఎక్స్ లినక్స్ 32 బిట్, 512 ఎంబీ ర్యామ్. లాన్, సౌండ్ రెండూ పీసీఐ (బోర్డు స్లాట్లలో గుచ్చే) కార్డులే. పాట పెట్టిన కాసేపటికి నెట్ పోతుంది, రీబూట్ చేస్తేనే వస్తుంది. డీమెసేజ్‌లో (సిస్టమ్ సందేశాల లాగ్) "ఐఆర్‌క్యూ 11: నోబడీ కేర్డ్", దాని కిందే "డిజేబ్లింగ్ ఐఆర్‌క్యూ 11". డ్రైవర్ మార్చాలా?

కెర్నల్_మూర్తి: డ్రైవర్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. ఐఆర్‌క్యూ అంటే కార్డు సీపీయూని పిలిచే లైను, ఆ పిలుపే ఇంటరప్టు. 11వ లైను మీద వస్తున్న ఇంటరప్టును ఏ డ్రైవరూ తనదని ఒప్పుకోవడం లేదు. లక్షలో 99,900కి మించి అలాగే మిగిలిపోతే కెర్నల్ (లినక్స్ అసలు భాగం) ఆ లైనునే మూసేస్తుంది. అప్పుడు దాని మీదున్న కార్డులన్నీ పడిపోతాయి, తప్పు ఏ ఒక్కదానిదైనా సరే. ప్రాక్ ఫోల్డర్‌లోని ఇంటరప్ట్స్ ఫైలు తెరిచి 11 ఎదురుగా ఏమున్నాయో చెప్పండి. ఎక్స్‌టీ-పిక్ (ఇంటరప్టులను పంచే పాత చిప్పు) అని ఉందా, ఐఓ-ఏపిక్ (లైన్లు ఎక్కువున్న కొత్తది) అనా?

రవి_32: ఎక్స్‌టీ-పిక్. లాన్, సౌండ్, యూఎస్‌బీ మూడూ 11 మీదే.

సుజాత_కె: ఎక్స్‌టీ-పిక్‌లో ఉండేవి 0 నుంచి 15 వరకే. టైమర్, కీబోర్డు, ఐడీఈ (డిస్కులు) వగైరా పోను మిగిలేవి కొన్నే, అందుకే ఇరుకు. బయోస్‌లో (పీసీ ఆన్ కాగానే తెరిచే సెట్టింగులు) ఏపిక్ మోడ్ ఆన్ చేయండి. గ్రబ్ (బూట్ లోడర్) లైనులో నోఏపిక్ (ఏపిక్ వాడొద్దనే ఆప్షన్) ఉంటే తీసేసి అప్‌డేట్-గ్రబ్ నడపండి. పాత గైడ్లు ఏ సమస్యకైనా నోఏపిక్ పెట్టమనే రాస్తాయి, చాలా చోట్ల చెడగొట్టేది అదే. బోర్డులో ఏపిక్ అసలు లేకపోతే, వాడని సీరియల్ పోర్టులు (4, 3), ప్యారలల్ పోర్టు (7) బయోస్‌లో ఆపి, 'రీసెట్ కాన్ఫిగరేషన్ డేటా'కి యస్ పెట్టండి. పంపకం మళ్ళీ మొదటినుంచి జరుగుతుంది.

కెర్నల్_మూర్తి: సౌండ్ కార్డు స్లాటు కూడా మార్చండి. పీసీఐలో ఏ, బీ, సీ, డీ అని నాలుగు ఇంటరప్టు తీగలుంటాయి. స్లాటు స్లాటుకీ ఆ వరస ఒక్కో అడుగు జరిపి కలుపుతారు, కాబట్టి చోటు మారితే లైను మారే అవకాశం ఎక్కువ. ఏజీపీ (గ్రాఫిక్స్ కార్డు స్లాటు) పక్క స్లాటు వద్దు, చాలా బోర్డుల్లో అది గ్రాఫిక్స్ కార్డుతో లైను పంచుకుంటుంది. పవర్ కేబుల్ పీకాకే కార్డు ముట్టుకోండి. షట్‌డౌన్ చేసినా బోర్డు మీద స్టాండ్‌బై 5 వోల్టులు ఉంటాయి.

రవి_32: బయోస్‌లో ఏపిక్ ఆఫ్‌లో ఉంది. ఆన్ చేసి, సౌండ్ కార్డు మూడో స్లాటులో పెట్టాను. లాన్ 17, సౌండ్ 19. రెండు గంటలు పాటలూ డౌన్‌లోడూ కలిపి నడిపినా ఆగలేదు. కానీ ప్లగ్ తీస్తే ఏపిక్ మళ్ళీ ఆఫ్ అవుతోంది, తేదీ కూడా పోతోంది.

సుజాత_కె: బయోస్ సెట్టింగులు, తేదీ నిలిపే, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది, మార్చండి.

డెబియన్_లత: స్లాట్లు మార్చే వీల్లేని ల్యాప్‌టాప్‌లో ఇదే వస్తే గ్రబ్ లైనులో ఐఆర్‌క్యూపోల్ చేర్చి చూడండి. ఎవరూ ఒప్పుకోని ఇంటరప్టు వచ్చినప్పుడూ, టైమర్ ఇంటరప్టు వచ్చిన ప్రతిసారీ కెర్నల్ మిగతా డ్రైవర్లను కూడా అడుగుతుంది కాబట్టి సీపీయూ మీద భారం పెరుగుతుంది. అసలు కారణం దొరికేదాకా మాత్రమే ఉంచండి.