లోబడి ఉండటమంటే ఉద్యోగం మానేయడమేనా?

నెల్లూరమ్మాయి:
అందరికీ వందనాలు. రెండో పాప పుట్టాక ఉద్యోగం మానేశాను. ఎవరూ మానమనలేదు, ప్రార్థన చేసుకుని నేనే అనుకున్నా. పాత టీమ్‌ గ్రూపులో "ఏ కాలంలో ఉన్నావే" అని ఒకటే ఎగతాళి. ఆడవాళ్లు తమకిష్టమైనట్టు బతకాలనేవాళ్లకే నా ఇష్టం మింగుడుపడటం లేదు. భార్య భర్తకి లోబడాలని బైబిల్లో ఉన్న ఎఫెసీ 5:22 నమ్మితే వెనకబడినట్టేనా?

సీయోను సేవకుడు:
దేవునికి స్తోత్రం సిస్టర్‌. తీతు 2:5 చూడండి, స్త్రీ ఇంటి పట్టున ఉండాలనే ఉంది. లోకం నవ్వితే నవ్వనివ్వండి.

గుంటూరు టీచరమ్మ:
నీ నిర్ణయం నీదమ్మా, నవ్వినవాళ్లది తప్పే. బ్రదర్‌తోనే నా పేచీ. 22వ వచనానికి పైన 21 ఉంది, ఒకరికొకరు లోబడమని. అది చదివే పాస్టరుగారిని నేనింకా చూడలేదు.

ఇంకోటి. ఈ "ఇంటి పట్టున" అనేది ఎవరి సంప్రదాయం? 1878 జులై 3న ఒంగోలు మిషన్‌వాళ్లు ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఎక్కువమంది మాదిగ పల్లెలవాళ్లు, కరువులో నకనకలాడినవాళ్లు. మా నాయనమ్మవాళ్లు ఆ తరవాతి తరం. నాట్లకీ కలుపుకీ పోకపోతే పొయ్యి వెలిగేది కాదు. ఇంట్లో కూర్చోమని ఆవిడకి చెప్పుంటే కొడవలి చూపించేది. మా గుంటూరుకి 1883లో వచ్చిన మిషనరీ డాక్టర్‌ కుగ్లర్‌ దొరసాని పెళ్లే చేసుకోలేదు. సువార్త తెచ్చినవాళ్లే అలా ఉంటే, తీసుకున్నవాళ్లకి ఈ గడప ఎక్కణ్ణించి వచ్చింది?

సీయోను సేవకుడు:
అది అవసరం అక్కా, ఆదర్శం కాదు. 2013లో నంద్యాలలో పుష్పలలితగారిని సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లు బిషప్‌ చేశారు, సరే. అది వాళ్ల సంఘం. మా కూడికలో స్త్రీలు ముసుగేసుకుని మౌనంగానే ఉంటారు. దాన్ని బానిసత్వమంటే ఊరుకోం.

నెల్లూరమ్మాయి:
టీచరమ్మగారూ, మీరన్నది నిజమే. నాకు దొరికిన ఈ తీరిక మా అమ్మకి లేదు. కానీ భర్త భార్యని ప్రేమించాలనే 25వ వచనం మా ఆయన మోస్తున్నారు. తాగుడు లేదు, జీతమంతా తెచ్చి నా చేతిలో పెడతారు. మా తాత కల్లు దుకాణం దాటి ఇంటికొచ్చిన రోజులు తక్కువట.

కోర్టుపక్షి:
మంచి మొగుడికి వచనాలతో పని లేదు. చెడ్డవాడి సంగతే నేను రోజూ చూసేది. 1869 నాటి క్రైస్తవ విడాకుల చట్టంలో భర్తకి భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే చాలు. భార్య మాత్రం దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్లు వదిలేయడమో కూడా రుజువు చెయ్యాలి. అది మారింది 2001లో! అన్నేళ్లు ఎంతమంది నోరు మూసుకుని కాపురాలు చేశారో.

ఇంట్లో ఉండమ్మా, ఎవరొద్దన్నారు. సామెతలు 31లో గుణవతి తన సంపాదనతో ద్రాక్షతోట నాటించింది. నీ పేరు మీద ఏముంది?

సీయోను సేవకుడు:
ఇదిగో, ఇలాగే కాపురాల్లో అనుమానం పెడతారు.

నెల్లూరమ్మాయి:
బ్రదర్‌, అడిగింది నన్ను. పీఎఫ్‌ ముట్టుకోలేదు అక్కా. ఫ్లాట్‌ ఆయన పేరు మీదే ఉంది, కట్టిన ఈఎంఐల్లో సగం నావి. పిల్లలు పడుకున్నాక అడుగుతాను.