ట్రిపుల్ క్రౌన్ కొట్టాడు సరే, 2012లో మేటి బ్యాటర్ కాబ్రెరాయేనా?

కృష్ణాతీరం | శుక్రవారం, రాత్రి 9:10
మా తమ్ముడితో ఫోన్లో గంటసేపు వాదులాడాను, మీరే తేల్చండి. 2012లో అమెరికా బేస్‌బాల్‌లోని అమెరికన్ లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అవార్డు డెట్రాయిట్ టైగర్స్ ఆటగాడు మిగెల్ కాబ్రెరాకు ఇచ్చారు. .330 సగటు, 44 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి), 139 ఆర్బీఐలు (అతని బ్యాటింగ్ వల్ల జట్టుకు వచ్చిన పరుగులు). మూడింటిలోనూ లీగ్‌లో ఫస్ట్. 1967లో కార్ల్ యస్ట్రెమ్‌స్కీ తర్వాత ఎవరికీ దక్కని ట్రిపుల్ క్రౌన్ అది. అయినా ఏంజెల్స్ జట్టు కుర్రాడు మైక్ ట్రౌట్‌కే ఇవ్వాల్సిందని తమ్ముడి పట్టు. బ్యాటర్‌ను అంకెలతో కొలవాలంటే అసలు ఏ అంకె చూడాలి?

టైగర్_గర్జన | 9:24
తేల్చడానికేముంది? ఓటు వేసిన 28 మందిలో 22 మంది కాబ్రెరాకే మొదటి స్థానం ఇచ్చారు. ఆ ఏడాది నేను మిషిగన్‌లో ఉన్నాను, టైగర్స్ మైదానం కొమెరికా పార్కుకు తొమ్మిదిసార్లు వెళ్లాను. కాబ్రెరా బ్యాటింగ్‌కి ప్లేట్ దగ్గరకు వస్తుంటే పల్లీలు అమ్మేవాడు కూడా బుట్ట దించి మెట్ల మీదే నిలబడిపోయేవాడు. బయటికి పోయే బంతిని ఆఖరి క్షణం దాకా రానిచ్చి కుడివైపు గోడ మీదకు పంపేవాడు. కుడిచేతి బ్యాటర్‌కి అది ఎంత కష్టమో బ్యాట్ పట్టినవాళ్లకే తెలుస్తుంది.

లెక్కల_మనిషి | 9:51
టైగర్ గారూ, ఆట అందంగా ఉందనడంలో నాకు పేచీ లేదు. ట్రిపుల్ క్రౌన్‌లోని మూడు అంకెల్లో రెండు లోపభూయిష్టమైనవి, నా బాధ అదీ.

సగటు సంగతి చూడండి. సింగిల్‌కూ (మొదటి బేస్ దాకా చేర్చే హిట్) హోమ్ రన్‌కూ అందులో ఒకటే విలువ. వాక్‌కు అసలు లెక్కే లేదు. నాలుగు చెడ్డ బంతులు వదిలేసి బేస్ మీదకు వెళ్లినవాడు ఆ పూట బ్యాటింగ్‌కే రానట్టు. వేల ఆటలు పరిశీలించి కట్టిన లెక్కల ప్రకారం వాక్ విలువ సుమారు 0.3 పరుగు, సింగిల్ 0.47, హోమ్ రన్ 1.4.

ఇక ఆర్బీఐ. ఎదురుగా బేసుల మీద మనుషులుంటేనే అవి వస్తాయి. కాబ్రెరాకు ముందు ఆడిన ఆస్టిన్ జాక్సన్ ఆన్-బేస్ (బేస్ ఎక్కే రేటు) .377. ట్రౌట్ మొదటి స్థానంలో దిగేవాడు. అతని ముందు ఆడేది జట్టు చివరి బ్యాటర్లు, ఆట మొదట్లో అయితే బేసులు పూర్తిగా ఖాళీ. హోమ్ రన్ కొట్టినా ఒక్క ఆర్బీఐ. అది అతని తప్పా?

బౌండరీ_లైన్ | 10:02
క్రికెట్ వాళ్లం మనకు ఇక్కడే తికమక. మన సగటు అంటే ఒక్కో అవుట్‌కి ఎన్ని పరుగులని. వీళ్ల .330 అంటే సుమారు మూడుసార్లకు ఒక హిట్. పేరొకటే, కొలత వేరు.

టైగర్_గర్జన | 10:15
లెక్కల గారు, మీ తక్కెడలోనే తూచుదాం. ఆన్-బేస్ ట్రౌట్‌ది .399, కాబ్రెరాది .393. అంతే తేడా. స్లగ్గింగ్ (హిట్లతో సంపాదించిన బేసుల సగటు) కాబ్రెరాది .606, ట్రౌట్‌ది .564. రెండూ కలిపితే వచ్చే ఓపీఎస్ కాబ్రెరాది .999, ట్రౌట్‌ది .963. ఎవరు పైన?

లెక్కల_మనిషి | 10:33
ఆడిన మైదానం సంగతి వదిలేశారు. ఏంజెల్స్ మైదానంలో పరుగులు పుట్టడం కష్టం. ఆ తేడా సర్దితే వచ్చే ఓపీఎస్ ప్లస్ ట్రౌట్‌కు 168, కాబ్రెరాకు 164. పైగా ఆ ఏడాది కాబ్రెరా 28సార్లు డబుల్ ప్లేలో ఇరుక్కున్నాడు, ట్రౌట్ 7సార్లే. ఒక్క దెబ్బకు ఇద్దరు అవుట్, అలా 28సార్లు! ఇది ఏ ట్రిపుల్ క్రౌన్‌లోనూ కనబడదు.

టైగర్_గర్జన | 10:41
ఆగండి. ఆర్బీఐ దగ్గర ఏమన్నారు? ముందువాళ్లు బేస్ మీద ఉండబట్టి వచ్చాయి, అతని గొప్ప కాదు అన్నారు. మరి డబుల్ ప్లే ఎలా వస్తుంది? మొదటి బేస్ మీద మనిషి లేకుండా వస్తుందా? ముందువాళ్లు ఎక్కితే లాభం వాళ్లది, నష్టం మాత్రం కాబ్రెరాదా? ఇదెక్కడి న్యాయం? దీనికి జవాబు చెప్పి ముందుకు కదలండి.

కృష్ణాతీరం | 10:44
ఇది మంచి ప్రశ్న.

లెక్కల_మనిషి | 11:05
అవకాశాలు ఎక్కువ వచ్చాయి, కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ ట్రౌట్ వేగం కూడా ఉంది కదా. 49 బేసులు దొంగిలించాడు (హిట్ లేకుండానే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరాడు), దొరికింది 5సార్లే. సెంటర్ ఫీల్డ్‌లో పరుగెత్తి గోడ మీద నుంచి హోమ్ రన్లు లాక్కొచ్చాడు. బ్యాటింగ్, పరుగు, ఫీల్డింగ్ అన్నీ కలిపి ఆటగాడి విలువను గెలుపుల్లో చెప్పే వార్ లెక్కలో ట్రౌట్ 10 దాటాడు, కాబ్రెరా 7 దగ్గర ఆగాడు.

టైగర్_గర్జన | 11:11
ప్రశ్న బ్యాటర్ గురించి. డబుల్ ప్లే అడిగితే ఫీల్డింగ్‌లోకి దూకారు. ఆ వార్‌లో తేడా ఎక్కువగా కాళ్లది, చేతి గ్లవ్‌ది. బ్యాట్ మటుకు చూస్తే ఇద్దరూ ఇంచుమించు సమానమని మీ 168, 164 చెబుతున్నాయి.

ఎడిసన్_అమ్మ | 11:30
నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, ఇవాళ ఆగలేకపోతున్నాను. మా బాబు తొమ్మిదేళ్లవాడు. ఈ సీజన్లో 30సార్లు బ్యాటింగ్‌కి వెళ్లాడు. 5 హిట్లు, 11 వాక్‌లు. ఎంపిక జట్టులోకి తీసుకోలేదు. ఎందుకని అడిగితే కోచ్ ఫోన్లో సగటు చూపించారు, .263. ఎంపికైన ఇంకో పిల్లాడిది .357. వాడూ 30సార్లే ఆడాడు. 10 హిట్లు, 2 వాక్‌లు. అంటే వాడు 12సార్లు బేస్ ఎక్కాడు, మావాడు 16సార్లు. కారులో ఇంటికి వస్తూ "నేను ఊపి ఉండాల్సిందా అమ్మా?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు.

టైగర్_గర్జన | 11:38
అమ్మా, కోచ్ చేసిందాంట్లో తప్పు లేదు. ఆ వయసులో పిచ్ చేసే పిల్లలకు బంతి సరిగ్గా వేయడమే రాదు, ఊరికే నిలబడినా వాక్ వస్తుంది. బ్యాట్ ఊపనివాడిని బ్యాటర్ అనరు.

ఎడిసన్_అమ్మ | 11:42
మా బాబు ఊరికే నిలబడడు. చెడ్డ బంతికి మోకాలు వణికినా బ్యాట్ భుజం మీద నుంచి దించడు. అది చేతకానితనం కాదు. మీరు వాడిని చూడలేదు.

లెక్కల_మనిషి | 11:46
టైగర్, పసిపిల్లాడి మీద కూడా ఇదే వాదనా? నీకు కళ్లతో చూసి చప్పట్లు కొట్టడం తప్ప లెక్క అర్థం చేసుకునే ఓపిక లేదు. నీలాంటివాళ్ల వల్లే ఇలాంటి పిల్లలు బెంచీ మీద మిగిలిపోతున్నారు.

టైగర్_గర్జన | 11:49
నువ్వు, నీకు అనొద్దు. మీ ఇంట్లో మనిషిని కాను.

బౌండరీ_లైన్ | 11:52
అన్నలూ, నెమ్మది.

టైగర్_గర్జన | శనివారం, 12:20
పడుకుందామనుకున్నాను, నిద్ర పట్టలేదు. నాకు ఎందుకు మండుతుందో చెబుతాను. గతేడాది ఆఫీసులో ఒక రిలీజ్ కోసం మూడు వారాలు ఇంటికి సరిగ్గా వెళ్లలేదు. పని అయింది, క్లయింట్ సంతకం పెట్టాడు. రివ్యూలో మేనేజర్ ఏమన్నాడంటే, "టీమ్ అంతా సిద్ధం చేసి పెట్టింది, ఆ సీట్లో ఎవరున్నా అయ్యేది". అయ్యేదేమో. కానీ ఆ సీట్లో ఉన్నది నేను. కాబ్రెరా 139 ఆర్బీఐలు అంటే నాకు అదే. జాక్సన్ బేస్ మీద ఉన్నాడు, నిజం. అతన్ని ఇంటికి, అంటే హోమ్ ప్లేట్‌కు, చేర్చింది ఎవరు? జరిగినదాన్ని తీసేసి, ఇంకో చోట ఉంటే ఏమయ్యేదో లెక్క కట్టి అవార్డు ఇస్తామంటే నేను ఒప్పుకోను. పిల్లాడి గురించి అలా రాసి ఉండకూడదు, అమ్మా. క్షమించండి.

లెక్కల_మనిషి | 12:48
నువ్వు అన్నందుకు నన్నూ క్షమించండి. డబుల్ ప్లే విషయంలో మీరన్నది నిజం. ఆర్బీఐ తీసేస్తే అదీ తీసేయాలి, లేదా అవకాశాలతో భాగించాలి. ఇది మొదటే ఒప్పుకోవాల్సింది.

మిగతాది ఒప్పుకోను. ఇద్దరినీ ఒకే చోట నిలబెడితే ఎవరు ఎంత చేస్తారన్నదే నాకు కావాల్సింది. మీకు ఆ ఏడాది నిజంగా ఏం జరిగిందన్నది కావాలి. గంటలకొద్దీ ఒకే మాట మీద కొట్టుకున్నామనుకున్నాను, అడుగుతున్న ప్రశ్నలే వేరు. కానీ జరిగినదే గొప్ప అనుకుంటే, పాతతరం బ్యాటర్ టెడ్ విలియమ్స్ 1942లోనూ 1947లోనూ ట్రిపుల్ క్రౌన్ కొట్టాడు. రెండుసార్లూ ఎంవీపీ ఇంకొకరికి పోయింది. ట్రిపుల్ క్రౌన్ ఉంటే చాలని అప్పటి ఓటర్లు కూడా అనుకోలేదు.

టైగర్_గర్జన | 12:55
ఆ రెండుసార్లూ ఓటర్లు అన్యాయమే చేశారు.

ఎడిసన్_అమ్మ | శనివారం, ఉదయం 7:15
పది గంటలకు ఆట ఉంది. స్కోరుబుక్ నేనే రాస్తానని కోచ్‌కు మెయిల్ పెట్టాను, సరే అన్నారు. వాక్‌లకు విడిగా ఒక గడి గీశాను. ఎన్ని బంతులు చూశాడో కూడా రాయాలా?

లెక్కల_మనిషి | 7:22
తప్పకుండా రాయండి. అందరు పిల్లలకూ రాయండి, మీవాడికొక్కడికే కాదు.

టైగర్_గర్జన | 7:40
ప్రతిసారీ ఏ బేస్ మీద ఎవరున్నారో, ఎన్ని అవుట్లు అయ్యాయో కూడా రాయండమ్మా. అది లేని పుస్తకం నేను నమ్మను.