ఇంటికి అసెంబుల్డ్ కంప్యూటరు: దుకాణం ఇచ్చిన కొటేషన్‌లో ఏది ఉంచాలి, ఏది మార్చాలి?

కాకినాడ వాసి:
సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ ఏడు ఇంజినీరింగులో కంప్యూటర్ సైన్సు తీసుకుంది. ఇంట్లో ఒక అసెంబుల్డ్ సిస్టం ఉంటే మంచిదనుకుంటున్నాం. మానిటరు, కీబోర్డు, మౌసు మా దగ్గరే ఉన్నాయి కాబట్టి మిగిలిన వాటికి 40 వేలు మించకూడదని అనుకున్నాం. ప్రోగ్రామింగు, వీడియో పాఠాలు ముఖ్యం. రెండో సంవత్సరం నుంచి ఆండ్రాయిడ్ స్టూడియో (ఫోను యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేరు) కూడా కావాలట. రాత్రిళ్లు నేను మా ఎరువుల దుకాణం లెక్కలు ట్యాలీలో రాసుకుంటాను. ఆటలు ఆడేవారు ఇంట్లో ఎవరూ లేరు.

ఇక్కడి దుకాణంలో ఇచ్చిన కొటేషన్ ఇది: ఐ3 12100ఎఫ్ ప్రాసెసరు, హెచ్610 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యాము ఒకటి, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్కు, జీటీ 710 గ్రాఫిక్స్ కార్డు, రంగు లైట్లున్న కేబినెట్, దానితోపాటే వచ్చే 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె). అంతా కలిపి 38,500 రూపాయలు. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే తెర మీద అసలు ఏమీ రాదని ఈ దుకాణదారు అంటున్నారు. ఆ కార్డు దండగ ఖర్చని పక్క దుకాణంవారు అంటున్నారు. ఎవరి మాట వినాలో తేలక మిమ్మల్ని అడుగుతున్నాను. మా వీధిలో ఎండాకాలం కరెంటు తరచూ పోతుందని, ఓల్టేజీ కూడా నిలకడగా ఉండదని కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పగలరు.

సికింద్రాబాద్ అసెంబ్లర్:
నమస్కారమండీ. ఆ ఇద్దరూ చెప్పింది నిజమే. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ‘ఎఫ్’ ఉంటే అందులో గ్రాఫిక్స్ భాగం పనిచేయదని అర్థం, కాబట్టి విడిగా కార్డు పెట్టక తప్పదు. ‘ఎఫ్’ లేని 12100 తీసుకుంటే మానిటరును నేరుగా బోర్డుకే తగిలించుకోవచ్చు, కార్డుతో పనే ఉండదు. పైగా జీటీ 710 చాలా పాత తరం కార్డు. ఆ తరానికి ఎన్‌విడియా భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం కూడా 2024 సెప్టెంబరుతో ఆగిపోయింది. ఈ రోజున కొత్త సిస్టంలో దానికి డబ్బు పెట్టడం ఏ రకంగానూ న్యాయం కాదు.

మీ అవసరానికి నేనైతే రైజెన్ 5 5600జీ సూచిస్తాను. 12100లో 4 కోర్లు (పని చేసే భాగాలు), 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ఉంటే ఇందులో 6 కోర్లు, 12 థ్రెడ్లు ఉంటాయి, గ్రాఫిక్స్ కూడా లోపలే ఉంటుంది, డబ్బా ప్యాకుతో ఫ్యాను వస్తుంది. ఆండ్రాయిడ్ స్టూడియోలో ప్రోగ్రామును బిల్డ్ చేస్తూ పక్కన ఎమ్యులేటరు (తెర మీదే నడిచే నకలు ఫోను) నడిపేటప్పుడు ఆ అదనపు కోర్లు బాగా ఉపయోగపడతాయి. అయితే ఈ ప్రాసెసరు కూర్చునే ఏఎం4 సాకెట్ 2016 నాటిదని, రేపు ప్రాసెసరు మార్చుకోవడానికి దానిమీద పెద్దగా దారి లేదని తెలిసే కొనాలి. దాని తర్వాతి సాకెట్ ఏఎం5కు ఆ దారి ఉంది కానీ, దానికి కావలసిన కొత్త రకం డీడీఆర్5 ర్యాముతో కలిపి చూస్తే మీ 40 వేలలో ఇమడదు.

ర్యాము విషయంలో మాత్రం రాజీ పడకండి. ఆండ్రాయిడ్ స్టూడియోకు 8 జీబీ చాలదు, 16 కావాలి, అదీ ఒక్కటి కాకుండా 8 జీబీవి రెండు ఉండాలి. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, అది ర్యామునే వాడుకుంటుంది. డీడీఆర్4 3200 ర్యాము ఒక్కటే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ డేటా నడుస్తుంది, రెండుంటే 51.2 జీబీ నడుస్తుంది. 2025 చివరి నుంచి ర్యాము ధరలు బాగా పెరిగాయి కాబట్టి కార్డు, హార్డ్ డిస్కు, రంగు లైట్ల మీద పెట్టే డబ్బు ఇటు మళ్లించండి. డిస్కుగా 500 జీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ ఒక్కటి చాలు.

రిటైర్డ్ విద్యుత్ ఉద్యోగి:
ఓల్టేజీ గురించి ప్రస్తావించారు కనుక రాస్తున్నాను. కేబినెట్‌తో వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా నమ్మవద్దు. పక్కన అంటించిన పట్టికలో 12 ఓల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. అక్కడ 18 ఉంటే 12తో హెచ్చించగా వచ్చేది 216 వాట్లే. 36 ఉంటే 432 వస్తుంది. ప్రాసెసరుకు శక్తి అందేది ఈ 12 ఓల్టుల లైను నుంచే. మీ సిస్టం 150 వాట్లు దాటకపోవచ్చు, అయినా ఓల్టేజీ ఎగిసినప్పుడు బోర్డును కాపాడే రక్షణలు చవక ఎస్‌ఎంపీఎస్‌లో చాలాసార్లు ఉండవు. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు (కరెంటు వృథా తక్కువని తెలిపేది) ఉన్న మంచి కంపెనీ 450 వాట్లది విడిగా కొనండి.

అంతకన్నా ముందు ఎర్తింగు చూపించుకోండి. కేబినెట్ ఇనుప అంచు మీద వేలు పెట్టినప్పుడు సన్నగా జివ్వుమంటే, ఎస్‌ఎంపీఎస్ ఫిల్టరు నుంచి భూమిలోకి పోవలసిన లీకేజీ కరెంటుకు దారి లేదని అర్థం. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల కన్వర్టరుతో పెట్టే ఇళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి ఎన్నేళ్లయిందో గుర్తు చేసుకుని, ఎండాకాలంలో దానికి నీళ్లు పోయించండి. 600 వీఏ యూపీఎస్ కూడా అవసరమే. అది పని కొనసాగించడానికి కాదు, ట్యాలీ డేటా పాడవకుండా ఫైలు మూసి సిస్టం ఆపడానికి. దానికి లేజర్ ప్రింటరు మాత్రం తగిలించవద్దు.

కర్నూలు అధ్యాపకుడు:
నాది కొంచెం వేరే అభిప్రాయం. కంపెనీలు వాడి అమ్మేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్ తీసుకుంటే ఇందులో సగం డబ్బుతో పని జరుగుతుంది. విండోస్ 10కు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి కనుక, విండోస్ 11 అధికారికంగా నడవని, ఇంటెల్ 8వ తరానికి తక్కువైనది మాత్రం తీసుకోకూడదు. అయితే అలాంటి చాలా మోడళ్లలో ఎస్‌ఎంపీఎస్, బోర్డు కంపెనీ సొంత కొలతలతో ఉంటాయి, పాడైతే మామూలు బజారు సామాను వాటికి సరిపోదు. నాలుగేళ్ల చదువుకు ఆధారపడాలంటే ఆ సంగతి ఆలోచించుకోవాలి.

కాకినాడ వాసి:
అందరికీ కృతజ్ఞతలు. పాతది తీసుకునే ధైర్యం చేయలేకపోతున్నాం. 5600జీ, 8 జీబీ ర్యాములు రెండు, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, విడి ఎస్‌ఎంపీఎస్, మామూలు కేబినెట్‌తో కొత్త కొటేషన్ 39,800కు వచ్చింది. యూపీఎస్ మా ఎరువుల దుకాణంలో పాతది ఉంది, బ్యాటరీ మార్పించి వాడతాను. బోర్డు మాత్రం బీ450 ఇస్తామంటున్నారు, పరవాలేదా?

సికింద్రాబాద్ అసెంబ్లర్:
పరవాలేదండీ, కానీ ఒక జాగ్రత్త ఉంది. బీ450 బోర్డులు 2018లోనే వచ్చాయి, 5600జీ 2021లో వచ్చింది. బోర్డులో పాత బయోస్ (సిస్టంను మొదట మేల్కొలిపే ప్రోగ్రాము) ఉంటే ఈ ప్రాసెసరుతో సిస్టం స్టార్టే కాదు. బోర్డు కంపెనీ వెబ్‌సైటులో ఆ మోడల్ పేరు కింద ప్రాసెసర్ల జాబితా తెరిచి, 5600జీ ఎదురుగా ఏ బయోస్ వెర్షను రాసి ఉందో చూసి, దుకాణంలోనే దాన్ని ఎక్కించి, తెర మీద చూపించమనండి. బోర్డుకు నాలుగు ర్యాము స్లాట్లుంటే ప్రాసెసరు వైపు నుంచి రెండోదానిలో, నాలుగోదానిలో పెట్టించండి. తర్వాత బయోస్‌లో ర్యాము వేగం 3200 చూపిస్తోందో లేదో చూడండి. 2400 అనో 2133 అనో ఉంటే ఎక్స్‌ఎంపీ (ర్యామును దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయాలి.

ప్రాసెసరు సీలు డబ్బాలోనే తీసుకోండి, దానికి కంపెనీ వారంటీ మూడేళ్లు ఉంటుంది. విడిగా ట్రేలో వచ్చినదానికి ఆ వారంటీ రాదు. జీఎస్‌టీ బిల్లులో ‘కంప్యూటర్ సెట్’ అని ఒకే వరుసగా రాస్తే ఒప్పుకోకండి. ప్రతి భాగం పేరు, సీరియల్ నంబరు విడివిడిగా రాయించుకోండి. ఎస్‌ఎస్‌డీ పోయినా, ఎస్‌ఎంపీఎస్ పోయినా సర్వీస్ సెంటరువారు మొదట అడిగేది ఆ నంబరునే. ఖాళీ డబ్బాలు కూడా అటక మీద పెట్టి ఉంచండి.