కుందేలు గొంతులో మేత అడ్డుపడితే ఏం చేయాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

నమస్కారమండి. మా ఇంట్లో రెండేళ్ల ఆడ కుందేలు ఉంది. మొన్న మేము పాతపట్నంలో పెళ్లికి వెళ్లి పొద్దుపోయాక వచ్చాం. ఆకలితో ఉన్న దానికి గిన్నెలో గుళికల మేత పోయగానే ఆత్రంగా తిని, ఒక్కసారిగా మెడ చాచి, ముక్కు పైకెత్తి, నోరు తెరిచి ఊపిరి కోసం కొట్టుకుంది. ముక్కులోంచి నానిన మేత ముద్దగా కారింది. అమ్మ నీళ్లు పట్టమంది, తమ్ముడు వీపు మీద తట్టమన్నాడు, నాకేమీ పాలుపోలేదు. చివరకు అదే తుమ్మి తేరుకుంది. ఇప్పుడు తింటోంది గానీ పడుకున్నప్పుడు సన్నగా గురక వినిపిస్తోంది. మళ్లీ ఇలా జరిగితే ఏం చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (గుణుపురం నుంచి)

అమ్మా, నీళ్లు పట్టకపోవడమే మంచిదైంది. ఊపిరి ఆడని ప్రాణికి నీళ్లు పోస్తే అవి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కుందేలు ముక్కుతోనే ఊపిరి పీల్చే జంతువు, పైగా దానికి వాంతి కాదు. అందుకే అది నోరు తెరిచిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే.

ముందుగా గాలి ఆడుతోందో లేదో చూడాలి. తుమ్ముతూ, దగ్గుతూ ఉంటే దాన్ని కంగారు పెట్టకుండా, పెదవుల దగ్గర కనిపించే మేతను మాత్రం తుడిచి, వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. వేలు లోపలికి పెడితే అడ్డు ఇంకా లోపలికి జరుగుతుంది.

చిగుళ్లు నీలంగా మారి, ఒళ్లు వేలాడిపోతుంటే ఇక ఆగకూడదు. కుందేలును ఒక ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, రెండో ముంజేతిని వీపు మీద ఆనించి, అరచేతుల మధ్య తలనూ మెడనూ వెన్నుతో ఒకే వరుసలో కదలకుండా పట్టుకోవాలి. ముక్కు ఆకాశం వైపు ఉండేలా ఎత్తి, ఒక్క ఊపున ముక్కు నేలవైపు వచ్చేలా కిందికి దించాలి. పేగుల బరువు ఊపిరితిత్తుల మీద పడి, లోపలి గాలి అడ్డును బయటికి నెడుతుంది. మా మగ కుందేలుకు మూడోసారి ఊపినప్పుడు సగం నానిన గుళిక ఒకటి నా చీర మీద పడింది. కానీ పట్టు జారితే వెన్ను విరుగుతుంది కనుక, ఊపిరి ఆడుతున్న కుందేలుకు ఇది ఎప్పుడూ చేయకండి.

జవాబు (బరంపురం నుంచి)

నేను పశువైద్యశాలలో సహాయకుడిగా పనిచేసి రిటైరయ్యాను. నన్ను కలవరపెడుతున్నది మీరు చివర్లో రాసిన గురక. మేత తునకలు ఊపిరితిత్తుల్లోకి చేరితే ఒకటి రెండు రోజుల తర్వాత నిమోనియా బయటపడవచ్చు. తింటోంది కదా అని ఊరుకోకుండా రేపే చూపించండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: మందుల షాపులో అడిగి అమాక్సిసిలిన్ లాంటివి నోటి ద్వారా పట్టవద్దు, అవి కుందేలు పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులను చంపి ప్రాణం తీస్తాయి. పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా అది అత్యవసరమే.

దవడ పళ్లు కూడా చూడమనండి. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అవి వంకరగా పెరిగితే మేతను సరిగా నమలలేక మింగేస్తుంది.

జవాబు (జయపురం నుంచి)

మేము గిన్నె మానేసి, గుళికలను గోనెపట్టా మీద చల్లుతున్నాం. ఒక్కొక్కటే వెతుక్కుని తింటుంది. ముందు ఎండుగడ్డి పెట్టి, ఆకలి కాస్త తీరాకే గుళికలు వేస్తాం. అసలు మేతలో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. గరివిడి పశువైద్య కళాశాలకు తీసుకెళ్లాం. ఊపిరితిత్తుల్లో కొద్దిగా శబ్దం ఉందని ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఎడమవైపు దవడ పన్ను ఒకటి మొనదేలి నాలుకను గీరుతోందట, దాన్ని అరగదీశారు. ఈ ఉదయం ఇంటి వెనక కోసుకొచ్చిన గరికను పరకపరకగా, చాలాసేపు నములుతూ తింది.