"తన్నుతాను తగ్గించుకొనువాడు": ఈ మాటలో వినయం ఎంత, దీనత్వం ఎంత?

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. మత్తయి సువార్త 23వ అధ్యాయం 12వ వచనంలో "తన్నుతాను హెచ్చించుకొనువాడు తగ్గింపబడును, తన్నుతాను తగ్గించుకొనువాడు హెచ్చింపబడును" అని ఉన్నది. ఇక్కడ తగ్గించుకోవడం అంటే వినయంగా మసలుకోవడమేనా? అంతే అయితే "వినయము గలవాడు" అన్న తేలిక మాట ఉండగా ఇంత చుట్టు తిరగడం దేనికి? యాకోబు పత్రిక 4:6లో కూడా "దేవుడు అహంకారులను ఎదిరించి దీనులకు కృప అనుగ్రహించును" అన్నారు. అహంకారికి ఎదురుగా నిలబడవలసినవాడు వినయవంతుడు కదా, దీనుడు ఎలా వచ్చాడు? దీనుడు అనగానే దిక్కులేనివాడు, జాలిపడదగినవాడు మన మనసులో మెదులుతాడు. పెద్దలు వివరించగలరు.

జవాబు:

మంచి ప్రశ్న అడిగారు. వినయానికీ దీనత్వానికీ మధ్య ఉన్న దూరం ముందుగా చూద్దాం. వినయం అనే సంస్కృత పదంలో శిక్షణ, క్రమశిక్షణ అనే అర్థం ఉన్నది. విద్య వల్ల వినయం కలుగుతుందని మనం చెప్పుకునేది అందుకే. అది నేర్చుకుంటే వచ్చే గుణం, నలుగురికీ కనబడే గుణం, మెచ్చుకోలు తెచ్చిపెట్టే గుణం. దీనత్వం అలాంటిది కాదు, అది మనిషి ఉన్న స్థితి. తన దగ్గర ఏమీ లేదని, ఎదుటివాడు ఇస్తే తప్ప తనకు గతి లేదని ఎరిగినవాడు దీనుడు. గ్రీకు మూలంలో ఈ చోట్ల వాడిన పదానికి పల్లంగా ఉన్నది, తక్కువ స్థాయిలో ఉన్నది అనే అర్థం ఉంది. ఆనాటి గ్రీకు సమాజంలో అది గౌరవించదగిన లక్షణం కాదు, చిన్నచూపుతో అనే మాట. ఆ మాటనే తీసుకుని క్రీస్తు "నేను సాత్వికుడను దీనమనస్సు గలవాడను" అని తన గురించి చెప్పుకున్నట్లు మత్తయి 11:29 రాస్తున్నది. కాబట్టి తెలుగు అనువాదకులు దీనులు అన్నప్పుడు ఆ పల్లాన్ని చదును చేయకుండా ఉంచారని నా అభిప్రాయం. వినయవంతులు అని ఉంటే వాక్యం మర్యాదగా ఉండేది కానీ బరువు తగ్గిపోయేది. అలాగని అనువాదకులు వినయాన్ని పూర్తిగా పక్కన పెట్టలేదు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2:3లో "వినయమైన మనస్సుగలవారై" అనే వాడారు. అక్కడ మాట తోటివారి నడుమ మెలగడాన్ని గురించి కనుక అది ఒప్పుతుంది.

ఇంకొక కారణం కూడా ఉంది. వినయాన్ని నటించవచ్చు. "అతి వినయం ధూర్త లక్షణం" అన్న నానుడి ఊరికే పుట్టలేదు. కొలొస్సయులకు రాసిన పత్రిక 2:18లో "అతివినయాసక్తుడై" అన్న మాట కనబడుతుంది. అటువంటివాడే తన మనస్సు వలన ఊరక ఉప్పొంగుతున్నాడని అదే వచనం చెబుతుంది. వినయమూ ఉప్పొంగడమూ ఒకే మనిషిలో, ఒకే వాక్యంలో! గర్వం తన కొమ్ములు విరుచుకుని వినయపు వేషం వేసుకోగలదని ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం.

ఇక లూకా 18వ అధ్యాయంలో, దేవాలయంలో ప్రార్థించిన ఇద్దరి గురించి యేసు చెప్పిన ఉపమానంలోని పరిసయ్యుడి (ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదుల వర్గంవాడి) ప్రార్థనను వ్యాకరణం దృష్టితో ఒకసారి చదవండి. తాను ఇతర మనుష్యుల వంటివాడు కానందుకు కృతజ్ఞతలు చెల్లిస్తున్నాడు, వారానికి రెండుసార్లు ఉపవాసం చేస్తున్నాడు, సంపాదనలో పదియవ వంతు ఇస్తున్నాడు. దేవుణ్ణి పిలిచి మొదలుపెట్టినా, కృతజ్ఞత అన్న భక్తి మాటే వాడినా, ప్రతి క్రియకూ కర్త "నేను". రెండోవాడైన సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) ప్రార్థన ఒక్క వాక్యం: "దేవా, పాపినైన నన్ను కరుణించుము." అందులో అతడు కర్త కాదు, "నన్ను" అనే కర్మ. చేయవలసినవాడు దేవుడు, పొందవలసినవాడు తాను. దీనత్వం అంటే ఏమిటో నిర్వచించమంటే నేను ఈ "నన్ను" అనే మాటనే చూపిస్తాను. ఉపవాసంలో తప్పు లేదు, పదియవ వంతులోనూ తప్పు లేదు. ఆ లెక్క పట్టుకుని పక్కన నిలబడినవాణ్ణి తృణీకరించడంలో తప్పు ఉన్నది, ఈ ఉపమానం ఎవరితో చెప్పారో లూకా దాని మొదటి వచనంలోనే (18:9) స్పష్టంగా రాశాడు.

మరొక సభ్యుని స్పందన:

పై వివరణ బాగున్నది కానీ ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. సంఘాలలో ఈ వచనాన్ని ఎవరికి చెబుతున్నారో గమనించండి. అన్యాయం జరిగిందని నోరు విప్పినవారికి, చిన్నవారికి, పేదవారికి, ఇంట్లో మాట పడుతున్నవారికి "నువ్వు తగ్గించుకోవాలి" అని చెబుతారు. దీనత్వాన్ని ఇంతగా పొగిడితే అణగిపోయినవారిని ఇంకా అణచినట్లు కాదా?

జవాబు:

మీ అభ్యంతరం న్యాయమైనది. దానికి సమాధానం ఆ వచనంలోనే ఉన్నదని నేను గట్టిగా నమ్ముతున్నాను. "తగ్గించు" అనేది సకర్మక క్రియ, దానికి "కొను" చేరి "తగ్గించుకొను" అయింది. పని చేసేవాడూ, ఆ పని ఎవరి మీద జరుగుతున్నదో అతడూ ఒక్కడే అని తెలుగులో ఈ "కొను" తెలియజేస్తుంది. అది చాలదన్నట్లు "తన్నుతాను" అని ముందే బిగించారు. ఒకరు మరొకరిని తగ్గించడానికి ఈ వాక్యంలో చోటే లేదు. తగ్గించే హక్కు ఎవరికైనా ఉన్నదంటే అది "తగ్గింపబడును" అనే రెండో క్రియ వెనుక ఉన్న దేవునికే, ఆ క్రియ కూడా తన్నుతాను హెచ్చించుకున్నవాడి విషయంలోనే వస్తున్నది. కాబట్టి పైనున్నవాడు కిందనున్నవాణ్ణి చూసి "తగ్గించుకో" అని ఆజ్ఞాపించినప్పుడు అతడు వచనాన్ని పాటించమని చెప్పడం లేదు, దేవుని క్రియను తన చేతిలోకి తీసుకుంటున్నాడు.

సందర్భం కూడా చూడాలి. ఈ మాట సువార్తలలో మూడు చోట్ల వస్తుంది. మత్తయి 23లో విందులలో అగ్రస్థానాలు, సంతవీధులలో వందనాలు, బోధకులని పిలిపించుకోవడం కోరేవారి గురించి మాట్లాడిన తరువాత వస్తుంది. లూకా 14:11లో భోజనపంక్తిలో అగ్రపీఠాలు ఏరుకుంటున్న అతిథులను చూసి చెప్పినది, వెంటనే ఆతిథ్యమిచ్చినవాడితో బీదలను, అంగహీనులను, కుంటివారిని, గ్రుడ్డివారిని పిలువుమని చెప్పినది. లూకా 18:14లో పరిసయ్యుని కథ ముగింపుగా వచ్చినది. మూడింటిలోనూ ఈ మాట తగులుతున్నది ఎత్తున ఉన్నవారికి, లేదా ఎత్తుకు ఎగబాకుతున్నవారికి. దిగడానికి మెట్లున్నవాడికే దిగమని చెప్పారు. కింద ఉన్నవారి సంగతి యేసు తల్లి మరియ పాడిన కీర్తనలో (లూకా 1:52) ఉంది: "సింహాసనములనుండి బలవంతులను పడద్రోసి దీనులనెక్కించెను." అన్యాయాన్ని అన్యాయమని చెప్పడం గర్వం కాదు.

ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయం ఇదే క్రియను క్రీస్తుకు వాడుతుంది. మరణము పొందునంతగా విధేయత చూపి ఆయన "తన్ను తాను తగ్గించుకొనెను" అని 8వ వచనం, అందుచేతనే దేవుడు ఆయనను అధికముగా హెచ్చించెనని 9వ వచనం. ఆయనను ఎవరూ బలవంతంగా దించలేదు. దేవునితో సమానంగా ఉన్నవాడు తానే ఇష్టపడి దాసుని స్వరూపాన్ని ధరించాడు. బలం ఉన్నవాడు ఇష్టంతో దిగితేనే క్రైస్తవ విశ్వాసం దాన్ని వినయం అంటుంది. గతిలేక వంగినవాడి నడుమును చూసి ఆ పేరు పెట్టకూడదు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకొక చిన్న సందేహం. ఈ రోజుల్లో పిల్లలతో "నిన్ను చూస్తే గర్వంగా ఉంది" అంటున్నాము. విశ్వాసి అలా అనవచ్చునా? అలాగే "హెచ్చింపబడును" అనే కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదంటారు కదా, వాడుక భాషలోకి తెచ్చేటప్పుడు "దేవుడు హెచ్చిస్తాడు" అని మార్చుకోవచ్చునా?

జవాబు:

మొదటిదానికి: ఆ వాడుకలో గర్వం అంటే మురిసిపోవడం. సామెతలు 16:18లో "నాశనమునకు ముందు గర్వము నడచును" అన్నప్పటి గర్వం అది కాదు. ఇతరులను చూసి సంతోషంతో చెప్పుకునే గొప్పకు తెలుగు బైబిలులో "అతిశయము" అనే మాట ఉన్నది. థెస్సలొనీక విశ్వాసులను పౌలు తన "అతిశయకిరీటము" అన్నాడు. సిలువయందు తప్ప మరి దేనియందును అతిశయించుట తనకు దూరమవును గాక అని గలతీయులకు రాసినవాడూ అతడే. తోటివారి విశ్వాసం సిలువ ఫలమని అతడు ఎంచాడు కనుక ఈ రెండు మాటలకూ వైరుధ్యం లేదు. పిల్లవాణ్ణి చూసి మురియండి. ఆ మురిపెం పక్కింటి పిల్లవాణ్ణి తక్కువ చేయడానికి దారితీస్తే మాత్రం అది పాత గర్వమే.

రెండోదానికి: మార్చుకోవచ్చును కానీ నేను మార్చను. మూలంలో కూడా ఆ రెండు క్రియలూ కర్మణిలోనే ఉన్నాయి, చేసేవాడి పేరు చెప్పకుండానే ఆయన ఎవరో వినేవారికి తెలిసేటట్లు. పేరు విప్పి చెప్పిన రూపం కావాలంటే యాకోబు 4:10 ఉన్నది: "ప్రభువు దృష్టికి మిమ్మును మీరు తగ్గించుకొనుడి. అప్పుడు ఆయన మిమ్మును హెచ్చించును." వాడుక భాషలో బోధించేవారు మత్తయి వాక్యాన్ని ఉన్నది ఉన్నట్లు చదివి, వివరణగా యాకోబు వాక్యాన్ని పక్కన పెడితే రెండు అవసరాలూ తీరుతాయి. "ప్రభువు దృష్టికి" అనే మాటను మాత్రం వదలవద్దు. మనుష్యుల దృష్టికి తగ్గించుకోవడం వేరే పని అని ఆ రెండు మాటలే గుర్తుచేస్తాయి.