అసాసిన్స్ క్రీడ్: జూనో కథ ఎక్కడ ముగిసిందో తెలిసినవాళ్లు చెప్పండి

కొండవీటి కాపలాదారు
గుంటూరులో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో, 2012లో, ఈ వీడియో గేమ్ సిరీస్ మూడో భాగం ఆడాను. వర్తమానకాలపు కథలో నాయకుడు డెస్మండ్ ప్రాణం ఇచ్చి భూమిని సౌరజ్వాల నుంచి కాపాడాడు. దానికి మూల్యంగా, మనుషుల కంటే ముందటి జాతికి చెందిన జూనో చెర విడిపించుకుంది. ఇక రాబోయే ఆటలన్నీ ఆమెతో యుద్ధమే అనుకున్నాను. తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. ఈ మధ్య మళ్లీ పట్టుకుని బ్లాక్ ఫ్లాగ్, యూనిటీ, సిండికేట్ ముగించి ఒరిజిన్స్‌కు వచ్చాను. ఇక్కడ వర్తమానకాలపు కథలో లేలా హసన్ అని కొత్త మనిషి కనిపించింది గానీ జూనో జాడ లేదు. మధ్యలో నేను వదిలేసిన ఆట ఏదైనా ఉందా?

పటమట పిల్లి
మీరు వదిలేసింది ఆట కాదు, బొమ్మల పుస్తకం. అప్‌రైజింగ్ అనే కామిక్ వరుస 2018లో ముగిసింది, జూనో చావు అందులో ఉంది. 2012లో తెర మీద వదిలిన శత్రువును ఆరేళ్ల తర్వాత కాగితం మీద చంపారు! ఏలూరు రోడ్డులో అప్పట్లో ఆ పుస్తకం అడిగితే, పిల్లలు రంగులు వేసుకునే పుస్తకాలు తెచ్చి చూపించారు. వాళ్ల తప్పు ఏముంది పాపం.

బెంజి సర్కిల్ బాటసారి
మొదటి ఆట 2007లో వచ్చింది. 2009 నుంచి 2015 వరకు ఒక్క ఏడాది కూడా ఆగకుండా తీశారు. 2014లో అయితే ఒకే నెలలో రెండు, యూనిటీ, రోగ్. కథకు బీజం వేసిన దర్శకుల్లో ముఖ్యుడు పాట్రీస్ డెజిలే 2010లోనే ఈ ఆటలు తీసే యూబీసాఫ్ట్ సంస్థను వదిలి వెళ్లిపోయాడు. ప్రతి ఏటా దీపావళి నాటికి సరుకు అంగట్లో ఉండాలంటే పాత చిక్కుముడి విప్పే తీరిక ఎవరికి ఉంటుంది? కొత్త ఊరు, కొత్త శతాబ్దం, కొత్త దుస్తులు. హరికథలో దాసుగారు పిట్టకథ అందుకుని, చప్పట్లు బాగా పడుతున్నాయని అసలు కథకు తిరిగి రానట్టు ఉంది వ్యవహారం.

కొండవీటి కాపలాదారు
సరే, జూనో సంగతి వదిలేద్దాం. ఒరిజిన్స్‌లో ఈజిప్టు దంపతులు బాయెక్, ఆయా కలిసి క్రీ.పూ. మొదటి శతాబ్దంలో అసాసిన్ల (రహస్య హంతకుల) సంఘాన్ని స్థాపించారు. పేరే ఒరిజిన్స్. మరుసటి ఏడాది ఒడిస్సీ వచ్చి నాలుగు శతాబ్దాలు వెనక్కి వెళ్లింది. అందులో డేరియస్ అనే పారశీకుడు అప్పటికే ఆ సంఘం గుర్తయిన మణికట్టు కత్తి కట్టుకుని తిరుగుతున్నాడట. మొదలు అని చెప్పిన దానికి ముందు ఇంకో మొదలా?

సత్తెనపల్లి శాస్త్రి
ఇక్కడ మాత్రం రచయితలను తిట్టకండి. 2009 నాటి రెండో భాగంలో కథానాయకుడు ఎజియో పెదనాన్న కోట కింద నేలమాళిగ గుర్తుందా? అక్కడి విగ్రహాల్లో డేరియస్ ఉన్నాడు, పారశీక రాజు జెర్క్సీస్‌ను ఆ కత్తితో చంపినవాడిగా. ఒరిజిన్స్‌లో ఆయా చేతికి వచ్చింది కూడా ఆ కత్తే. బాయెక్ దాన్ని వాడుతూ ఉంగరపు వేలు పోగొట్టుకున్నాడు. మొదటి ఆట నాయకుడు అల్తాయిర్‌కు ఆ వేలు ఎందుకు లేదో అక్కడితో ముడిపడింది. పదేళ్ల ముందు వేసిన ముడి చక్కగా కుదిరింది. నాకైతే ఈ సిరీస్‌లో మనసు నిండిన చోటు అదే.

అరండల్‌పేట అమ్మాయి
విగ్రహం కుదిరింది, మనిషి కుదరలేదు శాస్త్రిగారూ. ఒడిస్సీలో కథానాయిక ఎవరిని ప్రేమించాలో, అసలు ప్రేమించాలో వద్దో మన ఇష్టమన్నారు. అన్ని గంటలు నా కసాండ్రాను నా ఇష్టప్రకారం పెంచుకున్నాను. ఆ డేరియస్ కథ ఉన్న అదనపు భాగంలో ఆమెను బలవంతాన ఒకడికి జతచేసి బిడ్డను చేతిలో పెట్టారు. 2019 జనవరిలో గొడవ పెద్దదై క్షమాపణ చెప్పారు, కొన్ని దృశ్యాలు సవరించారు. బిడ్డను మాత్రం తీసేయలేదు. ఎందుకంటే ఆ వంశంలోనే ఆయా పుట్టాలి! వంశవృక్షం కోసం నా నిర్ణయాలను తుడిచేశారు. ఇంకో తమాషా: మా తమ్ముడు అదే ఆటను కసాండ్రాకు బదులు అలెక్సియోస్‌తో ఆడాడు. అధికారికంగా అసలు కథ కసాండ్రాదే అని తెలిశాక వాడు ఆ రాత్రి అన్నం తింటూ ఒక్క మాట మాట్లాడలేదు.

బెంజి సర్కిల్ బాటసారి
మీ తమ్ముడికి నా సానుభూతి.

కృష్ణలంక కాలక్షేపం
ఇంత బాధ ఎందుకండీ? ఒరిజిన్స్‌లో పోరాటాలు లేకుండా ఈజిప్టు అంతా తిరిగే ఏర్పాటు 2018లో ఇచ్చారు. మా పిల్లలకు అలెగ్జాండ్రియా, పిరమిడ్లు దాంట్లోనే చూపించాను. వర్తమానకాలం దృశ్యం రాగానే బటన్లు నొక్కి దాటేస్తాను. మన అమరావతి స్తూపం నిలువెత్తున ఉన్న రోజులతో ఒక ఆట తీస్తే చాలు, కథ వాళ్లిష్టం.

పటమట పిల్లి
అమరావతి తీస్తే నేను ముందు వరుసలో ఉంటాను. కానీ మీరు దాటేసే దృశ్యాలే తర్వాతి ఆటకు పునాది అవుతున్నాయి, అదీ చిక్కు. కథ మారడం, పాత మనుషులు పోవడం నాకు బాధ కాదు. ముఖ్యమైన మలుపును ఆడేవాడికి కనబడని చోట పెట్టడమే బాధ. 2020లో వచ్చిన వల్హాలాలో లేలా ఎందుకు అంత కుంగిపోయి ఉంటుందో చాలామందికి అర్థం కాలేదు. ఒడిస్సీ రెండో అదనపు భాగంలో, హెర్మిస్ దండం అనే మహిమగల ప్రాచీన వస్తువు ప్రభావంలో ఉండి, ఆమె తన సహచరి విక్టోరియాను చంపింది. డబ్బు పెట్టి ఆ భాగం కొననివాడికి లేలా కొత్త మనిషిలాగే ఉంటుంది. డెస్మండ్ సంగతి ఏమైందో కూడా వల్హాలాలోనే తెలుస్తుంది, ఎనిమిదేళ్లకు. కాపలాదారుగారి కోసం అది చెప్పను.

సత్తెనపల్లి శాస్త్రి
ఆ ముగింపు నాకు నచ్చింది. ఆలస్యమైనా ఆటలోనే చెప్పారు. దాని తర్వాత 2023లో మిరాజ్, 2025లో షాడోస్ వచ్చాయి. ఆ రెండింటిలో వర్తమానకాలం పేరుకే ఉంది.

కొండవీటి కాపలాదారు
అయితే ఒరిజిన్స్ తర్వాత ఒడిస్సీ, దాని రెండు అదనపు భాగాలు, తర్వాత వల్హాలా. ఇంతేనా? కామిక్ సారాంశం ఎక్కడైనా చదువుకుంటాను.

అరండల్‌పేట అమ్మాయి
ఇంతే. ఒడిస్సీ డిస్కు నా దగ్గర ఉంది. మీది గుంటూరే కదా, కావాలంటే తీసుకెళ్లండి. అదనపు భాగాలు డిస్కులో రావు, విడిగా కొనాలి. డేరియస్ కథకు మాత్రం డబ్బు పెట్టకండి, వీడియోల్లో చూసేయండి.

సత్తెనపల్లి శాస్త్రి
పెట్టండి. డేరియస్ కోసమైనా పెట్టండి.